రైఫిల్ మర ఎంత బిగించాలి?

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పదో వలయం వ్యాసం అర మిల్లీమీటరు. దాన్ని తాకాల్సిన పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. గురి చూసే చుక్క కంటే పేల్చే గుండే తొమ్మిది రెట్లు పెద్దది. అందుకే పెల్లెట్ తగిలిందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకే రాదు. దాని కేంద్రం లక్ష్యం కేంద్రానికి ఎంత దగ్గరగా పడిందో ఎలక్ట్రానిక్ టార్గెట్ కొలుస్తుంది. సరిగ్గా నడిమధ్యలో పడితే 10.9. అక్కడి నుంచి పావు మిల్లీమీటరు దూరమైన కొద్దీ ఒక్కో దశాంశం తగ్గుతూ పోతుంది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. రైఫిల్ వెనక సైటుకూ ముందు సైటుకూ మధ్య దూరం 80 సెంటీమీటర్లు అనుకోండి. వెనక సైటు తన గాడిలో 0.1 మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి. కంటికి ఆ తేడా తెలియదు, చేతికి అసలే తెలియదు. కానీ పది మీటర్ల అవతల పెల్లెట్ 1.25 మిల్లీమీటర్లు పక్కకు పడుతుంది. 10.9 రావాల్సిన చోట 10.4 వస్తుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. రజతం అందుకున్న ఇటలీ షూటర్ నికోలో కాంప్రియాని స్కోరు 701.5. పోటీ మొత్తానికీ కలిపి ఇద్దరి మధ్య తేడా 0.4. సైటు ఒక్కసారి, ఒక్క షాట్‌లో, పదో వంతు మిల్లీమీటరు కదిలితే పోయేది అంతకంటే ఎక్కువ.

ఆ సైటును కదలకుండా పట్టుకునేవి ఒకటో రెండో చిన్న స్క్రూలు. రైఫిల్ మీద ఇలాంటివి మరికొన్ని ఉంటాయి. ఇనుప భాగాన్ని కర్ర స్టాక్‌కు కలిపేవి కొన్ని, స్కోపు రింగులను పట్టి ఉంచేవి కొన్ని. వీటిని ఎంత బిగించాలి అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ‘గట్టిగా’ అనే. ఆ జవాబు వల్లే స్కోపుల గొట్టాలు నొక్కుకుపోతున్నాయి, మరలు స్లిప్ అవుతున్నాయి, స్టాక్‌లు పగులుతున్నాయి. అటువైపు, గట్టిగా బిగిస్తే పాడవుతుందేమోనని భయపడి వదులుగా వదిలేసినవాళ్ళ గురి వారం వారం మారిపోతుంటుంది. రెండు తప్పులకూ మూలం ఒకటే. బిగించినప్పుడు స్క్రూ లోపల ఏం జరుగుతుందో తెలియకపోవడం.

జరిగేది ఇది. స్క్రూ తల పై భాగం మీద ఆనుతుంది, మర కింది లోహాన్ని పట్టుకుంటుంది. ఆ తర్వాత కూడా తిప్పుతూ పోతే రెండింటి మధ్య ఉన్న కాడ సాగుతుంది. ఉక్కు కూడా స్ప్రింగులాగే సాగుతుంది, వదిలితే మళ్ళీ మామూలు పొడవుకు వస్తుంది. సాగిన కాడ వెనక్కి రావాలని లాగే ఆ లాగుడే రెండు భాగాలనూ ఒకదానికొకటి అదిమి ఉంచుతుంది. మన ఎడ్లబండి చక్రానికి కమ్మరి వేసే ఇనుప పట్టా కూడా ఇలాగే పని చేస్తుంది. పట్టాను ఎర్రగా కాల్చి, వ్యాకోచించి ఉన్నప్పుడే చెక్క చక్రం మీదకు ఎక్కించి నీళ్ళు పోస్తాడు. చల్లారి కుంచించుకునే పట్టా చక్రంలోని చెక్క ముక్కలన్నిటినీ లోపలికి లాగి పట్టుకుంటుంది. చక్రం బలం అంతా ఆ లాగుడులోనే ఉంది. స్క్రూ బలమూ అంతే. తిప్పడం అన్నది సాగదీయడానికి మనకు దొరికిన మార్గం మాత్రమే.

ఎంత సాగుతుంది? నాలుగు మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఎం4 స్క్రూను తీసుకుందాం. దాన్ని 2 న్యూటన్ మీటర్ల టార్క్‌తో, అంటే అంత తిప్పుడు బలంతో, బిగించామనుకోండి. చిన్న పిడి ఉన్న ఎలన్ కీతో, మణికట్టు బలంతోనే అంత టార్క్ వస్తుంది. కానీ స్క్రూ లోపల పుట్టే లాగుడు సుమారు 2,500 న్యూటన్లు. పావు టన్ను బరువు వేలాడదీసినంత! వేళ్ళతో తిప్పిన చిన్న స్క్రూ లోపల అంత బలం దాక్కుని ఉంటుందని మొదటిసారి లెక్క కట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఆశ్చర్యపోతారు. అయినా ఆ స్క్రూలో లాగుడు పడే భాగం పొడవు 10 మిల్లీమీటర్లయితే, అది సాగేది దాదాపు 0.014 మిల్లీమీటర్లు. అంటే 14 మైక్రాన్లు.

ఈ 14 మైక్రాన్లను గుర్తు పెట్టుకుంటే రైఫిల్ స్క్రూల సంగతి సగం అర్థమైనట్టే. స్క్రూ తల కింద పెయింటు పొర ఉందనుకోండి, లేదా దుమ్మో, మర కోసినప్పుడు మిగిలిన గరుకో ఉందనుకోండి. బిగించిన తర్వాత గంటల్లోనో, మొదటి కొన్ని షాట్ల అదురుకో అది అయిదు మైక్రాన్లు అణిగిందంటే మూడో వంతుకు పైగా బిగింపు పోయినట్టే. స్క్రూ ఒక్క డిగ్రీ కూడా వెనక్కి తిరగలేదు. చూస్తే ఎక్కడిదక్కడే ఉంది. లోపలి లాగుడు మాత్రం కరిగిపోయింది. అదే స్క్రూ 50 మిల్లీమీటర్ల పొడవు ఉంటే 70 మైక్రాన్లు సాగేది, అయిదు మైక్రాన్ల నష్టం దానికి లెక్కలోకి రాదు. పొట్టి స్క్రూలకు ఉన్న పెద్ద బలహీనత ఇదే. రైఫిల్ మీద ఉన్నవి చాలావరకు పొట్టివే. కొత్తగా బిగించిన సైటునూ స్కోపునూ మొదటి కొన్ని షాట్ల తర్వాత మళ్ళీ టార్క్ చూసుకోమని జాగ్రత్త తెలిసినవాళ్ళు చెప్పేది ఇందుకే. బిగించే ముందు ఆనే తలాలన్నీ శుభ్రంగా తుడవమనేదీ ఇందుకే.

ఇంకో చిక్కు ఉంది. మనకు కావలసింది లాగుడు, కొలవగలిగేది తిప్పుడు. ఈ రెండింటి మధ్యలో రాపిడి కూర్చుని ఉంది. మనం పెట్టే టార్క్‌లో దాదాపు సగం స్క్రూ తల కింద రాపిడికే ఖర్చవుతుంది. మరో నలభై శాతం దాకా మరల మధ్య రాపిడి తినేస్తుంది. నికరంగా స్క్రూను సాగదీయడానికి మిగిలేది పది శాతం చుట్టూ. కాబట్టి రాపిడిలో చిన్న మార్పు వచ్చినా లాగుడులో పెద్ద మార్పు వస్తుంది. పొడి మరకు చెప్పిన 2 న్యూటన్ మీటర్లనే నూనె పూసిన మరకు పెడితే 2,500 న్యూటన్లు రావాల్సిన చోట 3,300 దాటవచ్చు. టార్క్ రెంచి అదే అంకె దగ్గర టక్కుమంటుంది, మనం సరిగ్గా చేశామనే అనుకుంటాం, లోపల లాగుడు మాత్రం అనుకున్నదాని కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. రైఫిల్ తుప్పు పట్టకుండా నూనె పూయడం అందరికీ అలవాటు. ఆ నూనె స్క్రూ రంధ్రాల్లోకి జారుతుంది. అందుకే బిగించే ముందు రంధ్రాన్నీ స్క్రూనూ నూనె పోయేలా తుడిచి, తయారీదారు ఇచ్చిన అంకె పొడి మరకా, నూనె మరకా అన్నది చూసుకోవాలి.

మరల విషయానికి వస్తే, ఒక మనిషిని తలచుకోక తప్పదు. ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ విట్‌వర్త్. 1841 దాకా అక్కడ ఏ కార్ఖానా మర ఆ కార్ఖానాదే. ఒకచోట చేసిన బోల్టు మరోచోట నట్టుకు ఎక్కేది కాదు. విట్‌వర్త్ ఆ ఏడాది 55 డిగ్రీల కోణంతో ఒకే రకం మరను ప్రతిపాదించాడు. దేశం మొత్తానికి పనికొచ్చిన మొదటి మర ప్రమాణం అదే. తర్వాత ఆయనే ఆరు పలకల లోపలి గొట్టంతో ఒక రైఫిల్ తయారు చేశాడు. 1860 జూలై 2న వింబుల్డన్‌లో రైఫిల్ పోటీలను ప్రారంభిస్తూ విక్టోరియా రాణి పేల్చినది ఆ రైఫిల్‌నే. దాన్ని కదలకుండా ఒక ఆధారానికి బిగించి, ట్రిగ్గర్‌కు పట్టుతాడు కట్టి రాణి చేతికిచ్చారు. 400 గజాల దూరంలో గుండు లక్ష్యం కేంద్రానికి అంగుళంపావు దూరంలో పడింది. మరను సరిచేసిన మనిషే కచ్చితమైన రైఫిల్‌నూ చేశాడన్నది నాకు ఎంతో ఇష్టమైన చరిత్ర. రెండూ ఒకే బుద్ధి చేసిన పనులు.

ప్రమాణాలు వచ్చాయి కానీ ఒకటి కాదు, చాలా వచ్చాయి. నేటికీ రైఫిల్ మీద మెట్రిక్ మరలూ అంగుళం మరలూ పక్కపక్కనే ఉంటాయి. అమెరికా రైఫిళ్ళలో స్కోపు ఆధారాన్ని బిగించే స్క్రూలు సాధారణంగా 6–48 రకం, అంటే అంగుళానికి 48 మరలు. యూరప్ రైఫిళ్ళలో మెట్రిక్ స్క్రూలు. 10–32 రకం అంగుళం స్క్రూకూ ఎం5 మెట్రిక్ స్క్రూకూ వ్యాసంలో తేడా 0.2 మిల్లీమీటర్ల లోపే, మరల మధ్య దూరం దాదాపు ఒకటే. కాస్త లావుగా ఉండే ఎం5 స్క్రూ 10–32 రంధ్రంలోకి మొదట ఎక్కినట్టే ఉంటుంది, ఆ తర్వాత బిగుసుకుంటుంది. అక్కడ బలం పెట్టారో, రైఫిల్ వైపు మర చెడిపోతుంది. స్క్రూ పోతే కొత్తది కొనవచ్చు. రైఫిల్ రిసీవర్‌లో మర పోతే బాగుచేయడం పెద్ద పని. కాబట్టి ఏ స్క్రూనైనా మొదట సాధనం లేకుండా వేళ్ళతోనే ఎక్కించాలి. రంధ్రం మీద పెట్టి ముందు వెనక్కి, అంటే విప్పే దిశలో, మెల్లగా తిప్పండి. ఒకచోట మర అంచు కిందికి దిగి చిన్న టిక్కు వేళ్ళకు తెలుస్తుంది. అక్కడి నుంచి ముందుకు తిప్పితే మర తన దారిలో తాను ఎక్కుతుంది. కనీసం మూడు చుట్లు వేళ్ళతో తిరగకపోతే ఆపి, తీసి చూడాలి.

బిగించినది ఎందుకు వదులవుతుంది అన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి చాలా కాలం పట్టింది. అదురుడు వల్ల అని అందరూ అనేవారు. అదురుడులో ఏ దిశ ప్రమాదకరమో 1969లో జర్మన్ ఇంజినీరు గెర్హార్డ్ యుంకర్ ప్రయోగాలు చేసి చూపించాడు. స్క్రూ పొడవు వెంబడి లాగీ వదిలీ చేస్తే అది అంత తొందరగా వదులు కాదు. బిగించిన రెండు భాగాలూ స్క్రూకు అడ్డంగా, అటూ ఇటూ జారితే మాత్రం ఆ జారుడులో రాపిడి పట్టు తప్పుతుంది, మర దానంతట అదే వెనక్కి తిరగడం మొదలెడుతుంది. ఆయన పేరుతోనే ఇప్పటికీ నడుస్తున్న యుంకర్ పరీక్షలో, చాలామంది నమ్మకంగా వేసే స్ప్రింగు వాషర్లు ఈ అడ్డ జారుడును ఆపలేవని తేలింది.

రైఫిల్ పేలినప్పుడు తన్ను గొట్టం వెంబడి వెనక్కి వస్తుంది. స్కోపు ఆధారాన్ని పట్టుకున్న స్క్రూలు గొట్టానికి నిలువుగానో అడ్డంగానో ఉంటాయి. అంటే ప్రతి షాట్‌కూ స్క్రూ మీద పడే తోపు సరిగ్గా యుంకర్ హెచ్చరించిన దిశలోనే పడుతుంది. స్ప్రింగు పిస్టన్‌తో పనిచేసే ఎయిర్ రైఫిళ్ళలో ఇది మరీ ఘోరం. పిస్టన్ ముందుకు దూకేటప్పుడు రైఫిల్ వెనక్కి తంతుంది, పిస్టన్ చివర ఆగేటప్పుడు ముందుకు ఎగురుతుంది. ఒక్క షాట్‌లో రెండు దిక్కులా కుదుపు. పెద్ద తుపాకీ తన్నును తట్టుకున్న స్కోపు చిన్న ఎయిర్ రైఫిల్ మీద పాడైపోవడానికి కారణం ఈ రెండు వైపుల కుదుపే.

దీనికి మందు ఇంకా గట్టిగా బిగించడం కాదు. తన్నును స్క్రూ మీద పడనివ్వకపోవడం. అమెరికా సైన్యం 1995లో ప్రమాణంగా తీసుకున్న పికటిన్నీ రైలు అనే పట్టాను చూడండి. దాని మీద 5.23 మిల్లీమీటర్ల వెడల్పుతో, దాదాపు 10 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున అడ్డ గాడులు ఉంటాయి. స్కోపు మౌంటు కింద ఉన్న అడ్డకడ్డీ ఆ గాడిలో కూర్చుంటుంది. తన్నును ఆ కడ్డీ, గాడి గోడ కాసుకుంటాయి. స్క్రూకు మిగిలేది అదిమి పట్టుకునే పని ఒక్కటే. అయితే ఇక్కడ తేలిగ్గా మరిచిపోయే మెలకువ ఒకటి ఉంది. కడ్డీకీ గాడికీ మధ్య కొద్దిగా సందు ఉంటుంది. బిగించే ముందు మౌంటును గొట్టం మూతి వైపుకు నెట్టి, గాడి ముందు గోడకు ఆనించి, అలా పట్టుకునే బిగించాలి. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు స్కోపు తన జడత్వం కొద్దీ ముందుకు పోవాలని చూస్తుంది. ముందే గోడకు ఆని ఉంటే ఇక జరగడానికి చోటు లేదు. ఎయిర్ రైఫిళ్ళ మీద ఉండే 11 మిల్లీమీటర్ల గాడి పట్టాకు ఈ అడ్డ గాడులు ఉండవు. అందుకే వాటిలో కొన్నిటికి ఆపుడు పిన్ను కోసం చిన్న రంధ్రం ఇస్తారు. రంధ్రం ఉంటే పిన్ను తప్పకుండా వాడాలి.

ఇక పాడుచేయకుండా బిగించడం ఎలాగన్నది. ముందు స్క్రూ తల సంగతి. పాత రైఫిళ్ళలో తల మీద ఒకే గాడి ఉండే స్క్రూలు ఎక్కువ. ఇంట్లో ఉండే మామూలు స్క్రూడ్రైవర్ మొన కిందికి పోను పోను సన్నబడుతుంది. గాడిలో పెడితే అది పై అంచుల దగ్గర మాత్రమే ఆనుతుంది. తిప్పగానే ఏటవాలు మీద జారి పైకి లేస్తుంది, లేస్తూ అంచులను చీల్చేస్తుంది. తుపాకీల పనివాళ్ళు వాడే బిట్ల మొన సన్నబడదు. రెండు ముఖాలూ సమాంతరంగా ఉండేలా సాన పట్టి ఉంటుంది. గాడి అడుగుదాకా దిగి, వెడల్పంతా నిండి కూర్చుంటుంది. స్క్రూ తలలు చెక్కుచెదరకుండా ఉన్న పాత రైఫిల్ కనబడితే, అది పని తెలిసినవాళ్ళ చేతిలో పెరిగిందని నిశ్చయంగా చెప్పవచ్చు. ఆరు పలకల ఎలన్ తలలకూ, నక్షత్రం ఆకారపు టార్క్స్ తలలకూ ఈ జారుడు బాధ తక్కువ. వాటికి శత్రువులు అరిగిన కీ, ఒక సైజు తేడా ఉన్న కీ, రంధ్రంలో పేరుకున్న మట్టి. మట్టిని ముందు సూదితో తీసేసి, కీని అడుగుదాకా దించి, నిటారుగా నొక్కి పట్టి తిప్పాలి.

తర్వాత స్కోపు. స్కోపు గొట్టం పల్చటి అల్యూమినియం. దాని లోపల అద్దాలను మోసే మరో గొట్టం కదులుతూ ఉంటుంది. రింగులను అతిగా బిగిస్తే బయటి గొట్టం నొక్కుకుని లోపలి గొట్టం కదలికకు అడ్డుపడుతుంది. జూమ్ రింగు గానీ ఫోకస్ బిరడా గానీ ఉన్నట్టుండి బిగుతుగా తిరగడం మొదలైతే అనుమానించాల్సింది రింగు స్క్రూలనే. చాలామంది తయారీదారులు రింగు స్క్రూలకు 15 నుంచి 20 అంగుళం పౌండ్లు చెబుతారు. మన లెక్కలో అది 1.7 నుంచి 2.3 న్యూటన్ మీటర్లు. పై రింగు సగాన్ని పెట్టాక నాలుగు స్క్రూలనూ వేళ్ళతో ఆనేదాకా తిప్పి, రెండు వైపులా సందు సమానంగా ఉందో లేదో చూడాలి. ఆపైన కర్ణం దిశలో ఒకదాని తర్వాత ఒకటి, పావు చుట్టు చొప్పున బిగించుకుంటూ పోవాలి. ఒక వైపు పూర్తిగా బిగించి రెండో వైపుకు వస్తే గొట్టం తనంతట తానే ఒక పక్కకు తిరుగుతుంది, గురిగీత వాలిపోతుంది.

కర్ర స్టాక్ సంగతి వేరు. ఉక్కు సాగి మళ్ళీ వెనక్కి వస్తుంది. కర్ర నెమ్మదిగా అణుగుతూ పోతుంది, ఇక వెనక్కి రాదు. వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, వేసవిలో ఎండి కుంచించుకుపోతుంది. మన దగ్గర జూన్‌లో సరిగ్గా ఉన్న బిగింపు డిసెంబరులో ఉండదు. ఈ సమస్యను సైన్యాలూ ఎదుర్కొన్నాయి. మనకు బాగా తెలిసిన .303 లీ ఎన్‌ఫీల్డ్‌లో ట్రిగ్గర్ గార్డు ముందు స్క్రూ చుట్టూ కర్ర లోపల ఒక లోహపు కాలర్ ఉంటుంది. స్క్రూ బిగిస్తే లోహం లోహం మీద ఆని ఆగుతుంది, కర్ర నలగదు. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కార్ఖానా చేసిన రైఫిళ్ళలో మరో జాగ్రత్త కనిపిస్తుంది. ముందు కర్ర చీలిపోకుండా దానికి అడ్డంగా ఒక స్క్రూ దించి బిగించారు. మన వాతావరణంలో పనిచేసిన మనవాళ్ళు కనిపెట్టుకున్న ఉపాయం అది. ఎంతో గౌరవించాల్సిన ఇంజినీరింగ్ అని నా అభిప్రాయం. ఇప్పటి పోటీ రైఫిళ్ళలో కర్ర లోపల అల్యూమినియం గొట్టాలు నిలబెట్టి, చుట్టూ ఎపాక్సీ పోసి చేసేది ఆ కాలర్ పనే. అలాంటి స్టాక్ 65 అంగుళం పౌండ్ల దాకా, అంటే 7.3 న్యూటన్ మీటర్ల దాకా తట్టుకుంటుంది. గొట్టాలు లేని ఉత్త కర్రకు అందులో సగానికి కాస్త పైన సరిపోతుంది. స్టాక్ ఏ రకమో తెలుసుకోకుండా ఎవరో చెప్పిన అంకెను పట్టుకుని బిగించవద్దు.

స్క్రూ వెనక్కి తిరగకుండా కట్టడి చేసే పద్ధతులు పాతవే. జర్మనీ మౌజర్ 98 రైఫిల్‌లో పెద్ద స్క్రూ తల అంచున గాడి కోసి, పక్కనే ఓ చిన్న స్క్రూను ఆ గాడిలోకి దించి కాపలా పెట్టారు. మరికొన్నిటిలో స్క్రూ బిగించాక దాని అంచు మీదకు చుట్టూ ఉన్న లోహాన్ని ఉలితో కొట్టి నొక్కేస్తారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది జిగురు. అమెరికాలో హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీ రసాయన శాస్త్ర ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్ 1953లో దీనికోసం ఒక కంపెనీ పెట్టాడు. ఆ జిగురే తర్వాత లాక్టైట్ పేరుతో ప్రపంచమంతా పాకింది. దాని స్వభావం విచిత్రం. గాలి తగులుతున్నంతసేపూ ద్రవంగానే ఉంటుంది. రెండు మరల మధ్య గాలి అందని సందులోకి పోయి, అక్కడ లోహం తగలగానే గట్టిపడుతుంది. సీసాను ఎప్పుడూ నిండా నింపరు, గాలికి చోటు వదులుతారు. మూతి దగ్గర అది ఏళ్ళ తరబడి ఎండకుండా ఉండటానికీ, స్క్రూ మీద నిమిషాల్లో పట్టుకోవడానికీ ఒకటే కారణం.

ఈ జిగురు విషయంలో మూడు హెచ్చరికలు. ఒకటి, తడిగా ఉన్నప్పుడు అది నూనెలా పనిచేస్తుంది, కాబట్టి టార్క్ అంకె తగ్గించాలి. స్కోపు రింగులకు జిగురు వద్దని చాలామంది తయారీదారులు చెప్పేది ఇందుకే. రెండు, ఎర్ర రకం వద్దు. దాన్ని విప్పాలంటే స్క్రూను 250 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయాలి, ఆ వేడికి కర్ర పాలిష్, అల్యూమినియం బలం, స్కోపు సీళ్ళు ఏవీ మిగలవు. విప్పగలిగే నీలం రకం, మరీ చిన్న స్క్రూలకు ఊదా రకం చాలు. రంగులు కంపెనీని బట్టి మారతాయి, సీసా మీద రాసింది చదవాలి. మూడు, ఒక్క చుక్క మరల మీద మాత్రమే పడాలి. ఇలాంటి జిగుర్లు కొన్ని ప్లాస్టిక్కులను పగలగొడతాయి. పాలీకార్బనేట్, ఏబీఎస్ భాగాల మీద కారితే సన్నని బీటలు వస్తాయి.

ఏ పని మొదలుపెట్టే ముందైనా, ఎయిర్ రైఫిల్ అయినా సరే, లోపల గుండు లేదని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. తూటాలు, పెల్లెట్లు ఆ బల్ల మీదే ఉండకూడదు. ట్రిగ్గర్ లోపలి స్క్రూల జోలికి ఇంట్లో పోవద్దు, అవి భద్రతకు సంబంధించినవి. తుపాకీల మరమ్మతును వృత్తిగా చేయాలంటే 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. మర చెడిన రైఫిల్‌ను లేత్ ఉన్న ఏదో వర్క్‌షాపుకు కాకుండా అలాంటి లైసెన్సుదారుకే అప్పగించాలి.

సాధనం విషయంలో చివరి మాట. కార్ల గ్యారేజీలో ఉండే టార్క్ రెంచి వందల న్యూటన్ మీటర్ల పనికి చేసింది, 2 న్యూటన్ మీటర్లను అది కొలవలేదు. కావలసింది 1 నుంచి 8 న్యూటన్ మీటర్ల మధ్య పనిచేసే చిన్న టార్క్ స్క్రూడ్రైవర్. వాడాక దాన్ని అతి తక్కువ అంకెకు తిప్పి పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు అలసిపోతుంది. ఏడాదికోసారి, లేదా 5,000 సార్లు వాడాక దాని కొలత సరిచూపించాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. బిగించాక స్క్రూ తల మీద నుంచి పక్క లోహం మీదకు సన్నని పెయింటు గీత ఒకటి గీస్తే, స్క్రూ తిరిగిందో లేదో రేంజిలో ఒక్క చూపుతో తెలుస్తుంది. గీత కలిసే ఉన్నా లాగుడు తగ్గి ఉండవచ్చు కాబట్టి నెలకోసారి టార్క్ కూడా చూడాలి. రైఫిల్ క్లబ్బులు నడిపేవారికీ, పిల్లలకు శిక్షణ ఇచ్చే కోచ్‌లకూ నా విన్నపం. ప్రతి పిల్లవాడూ ఇలాంటి సాధనం కొనుక్కోలేడు. క్లబ్బుకు ఒకటి కొని రేంజి బల్ల దగ్గర పెట్టండి. మీ దగ్గర ఉన్న ప్రతి రైఫిల్ పేరు పక్కన, ప్రతి స్క్రూకూ తయారీదారు చెప్పిన టార్క్ అంకెను గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.